మూడు వందల పన్నెండో గుడ్డు

61వ రోజు

ఈ పుస్తకంలో సావిడి వేడి, గుడ్డు బరువు, ఊక ఎన్ని బస్తాలు కాలిందీ మాత్రమే రాయాలని రాజమహేంద్రవరం కచేరీ వారి ఉత్తర్వు. ఆ మూడూ ఎడమ పేజీలో పొయ్యి చూసే సూరన్న రాస్తాడు. అతని దస్తూరీ ముచ్చటగా ఉంటుంది. కుడి పేజీ నాది. కోరంగి గుడ్ల సావిడికి ఇరవై ఆరేళ్లుగా పెద్దని, ఓలేటి ధనకొండని, ఆ మాత్రం చొరవ నాకు చెల్లుతుంది.

నిన్న జాతి ప్రకటన అయింది. గుడ్డు సావిడికి వచ్చిన అరవయ్యో రోజున అది ఏ జాతిదో నలుగురి ముందు చెప్పడం నా పని. సముద్రం తరఫున గవ్వలమ్మ, కొండ తరఫున మసిదొర వచ్చారు. మా సావిడి ఒకప్పుడు ఓడలు కట్టిన షెడ్డు. అయినా ఆ ఇద్దరూ లోపలికొస్తే మనుషులం గోడకి అతుక్కుని నిలబడాల్సిందే. నేను నా చింతచేవ పుల్ల తీసి గుడ్డు మీద మూడుసార్లు తట్టాను. నిండు బిందె మీద తట్టినట్టు మెత్తగా పలికింది. కొండజాతి గుడ్డయితే ఖంగుమనాలి.

"ఉప్పురెక్క," అన్నాను. అంటే సముద్రజాతి.

మసిదొర తల వంచి ఒప్పుకున్నాడు. ముక్కులోంచి కాస్త పొగ వదిలి పాపికొండలకి ఎగిరిపోయాడు. గవ్వలమ్మ ఏడ్చింది. నూట తొంభై ఏళ్ల మనిషి, అంటే మనిషి కాదనుకోండి, చంటిపిల్లలా ఏడ్చింది. ఆవిడ ఇంతవరకు ఏడు గుడ్లు పెట్టింది. ఒక్కటీ పిల్ల కాలేదు. ఈ గుడ్డు దిక్కులేనిది. వరదల్లో మడ అడవిలో పీతల వలకి తగిలింది, తల్లెవరో తెలియదు. దిక్కులేని గుడ్డు ఏ జాతిదని తేలితే ఆ జాతిలో బిడ్డల్లేని ఆవిడకి ఇవ్వడం రెక్కలవారి ఆచారం.

కచేరీ కాగితాల్లో డ్రాగన్లు అని రాస్తారు. ఆ మాట ఎదురుగా అంటే గవ్వలమ్మ మూడు రోజులు మాట్లాడదు. రెక్కలవారు అనాలి. అనాలి మరి. మా ముత్తాతల నాటి ఉప్పెనకి ముందు ఉప్పురెక్కలు మూడు పగళ్లు రేవులో అరిచి, జనాన్ని మెరకకి తోలబట్టే ఈ కోరంగి ఇంకా ఉంది. ఆ అరిచినవాళ్లలో గవ్వలమ్మ ఒకతె. అప్పుడు చించుకున్న గొంతు ఇప్పటికీ సరికాలేదు.

ఇది నా చేతి మీద మూడు వందల పన్నెండో గుడ్డు. మూడు వందల పదకొండు చెప్పాను, ఒక్కటీ తప్పలేదు. గొప్పలు పోవడం లేదు, ఉన్నమాట రాస్తున్నాను.

64వ రోజు

పని పెరిగింది. పొద్దున, సాయంత్రం గుడ్డుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిప్పాలి. గంగాళమంత గుడ్డు, పైన మడబురద వేలెడు మందాన గట్టిపడి ఉంది. ఉప్పురెక్క గుడ్డుకి ఆ బురద కడగకూడదు, కడిగితే లోపలి పిల్ల చచ్చిపోతుంది. అందుకని బురద రాలకుండా గోనెపట్టా వేసి తిప్పుతాం.

ఇంకో పని గవ్వలమ్మ వీపు. ఆవిడ గుడ్డు చుట్టూ చుట్టుకుని పడుకుంటుంది. సముద్రపువాళ్ల చర్మం గంటసేపు ఎండితే పగులుతుంది. కాబట్టి గంటకోసారి ఎవరో ఒకరు బిందెతో ఉప్పునీళ్లు పొయ్యాలి. నేను పోస్తుంటే ఆవిడ కళ్లు మూసుకుని అంది:

"ఏవే పిల్లా, ఇది పుట్టాకా నన్నేవని పిలుస్తాదంటావు?"

"అమ్మా అంటది పెద్దమ్మా. ఇంకేవంటది?"

"మళ్లీ అను."

అన్నాను. నా చేత ఐదుసార్లు అనిపించింది.

70వ రోజు

సూరన్న పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చాడు. సావిడి నేల కింద గొట్టాలున్నాయి, వాటిలోకి ఊకపొయ్యి వేడి పంపేది అతనే. పదిహేనేళ్లుగా అదే పని.

"అక్కా, ఊక మిగిలిపోతంది. రోజుకి నాలుగు బస్తాలు కాల్చీవోణ్ణి, ఇప్పుడు రెండు సాలుతన్నాయి. మూడోది ఏత్తే సావిడి పొయ్యిలాగ అయిపోతంది."

"ఈ ఏడు ఊక గట్టిది. కొత్త మిల్లు ఊక," అన్నాను.

"అదే మిల్లక్కా."

"అయితే ఉక్కపోత. ఆశ్వయుజం కాదేటి? నీ పని నువ్వు చూసుకో సూరన్నా, గుడ్ల సంగతి నాకు నేర్పకు."

మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఎడమ పేజీలో మాత్రం 'రెండు బస్తాలు' అని ఉండాల్సినదానికంటే పెద్ద అక్షరాలతో రాశాడు. రాసుకోనీ.

75వ రోజు

పైరుకాపుల గోల భరించలేకపోతున్నాం. ఇవి రెక్కలవారిలో అందరికంటే చిన్న జాతి, కోడిపెట్టంత ఉంటాయి. చేలల్లో మిడతల్ని తిని బతుకుతాయి. మాటలు ఓ ఇరవై వచ్చు. మామూలుగా సావిడి కప్పు మీద కూర్చుని దారినపోయే ప్రతివాళ్ల మీదా వ్యాఖ్యానం చేస్తుంటాయి. నాలుగు రోజులుగా కప్పు వదిలేసి, గుడ్డు పక్కనున్న గోడకి బయట వరసగా ఆనుకుని పడుకుంటున్నాయి. లేపితే ఒక్కటే మాట, "వెచ్చ. వెచ్చ."

ఉప్పురెక్క గుడ్డు పక్క గోడ చల్లగా చెమటలు పట్టి ఉండాలి. నేను చెయ్యి పెట్టి చూస్తే పొడిగా, వెచ్చగా ఉంది. పొయ్యి గొట్టం అటు వంగి ఉంటుందనుకున్నాను. సూరన్న నావైపే చూస్తున్నాడు.

గవ్వలమ్మ ఈమధ్య తరచుగా పక్క మారుతోంది. ఒంట్లో ఎలా ఉందంటే వయసు అంది. పొట్ట కింద చూద్దామని వంగితే కసిరింది. రెక్కలవారు చచ్చినా పొట్ట చూపించరు. వాళ్లలో అది ఓడిపోయినవాడు చేసే పని. అందుకని ఊరుకున్నాను.

82వ రోజు

రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను.

పొద్దున తిప్పుతుంటే గోనెపట్టా జారి అరచేతి వెడల్పు బురద పెళ్ల ఊడింది. అయ్యో పిల్ల పోయిందనుకుని చెవి ఆనించాను. చెవి చురుక్కుమంది. లోపల గుండె కొట్టుకుంటోంది, జోరుగా. ఊడిన చోట పెంకు కనిపించింది. పొడిగా, ఎర్రగా ఉంది. పుల్ల తీసి తట్టాను.

ఖంగుమంది.

మళ్లీ తట్టాను. ఖంగు. బురద ఉన్నచోట తట్టాను, మెత్తగా పలికింది. బురద లేనిచోట ఖంగు.

బొగ్గుమెడ గుడ్డు. కొండజాతిది. ఆ గుడ్డు పగిలే రోజు దగ్గరపడ్డాక లోపలి నిప్పుసంచి పెరుగుతుంది, తనంతట తానే వేడెక్కుతుంది. ఊక ఎందుకు మిగిలిందో, పైరుకాపులు ఎందుకు చేరాయో చెప్పడానికి నాలాంటి పెద్ద అక్కర్లేదు. పొయ్యి దగ్గరున్నవాడికి తెలిసిపోయింది. గోదారి వరదకి కొండల్నుంచి కొట్టుకొచ్చి మా మడబురదలో కూరుకుపోయి ఉంటుంది.

తప్పు ఎక్కడ జరిగిందో కూడా రాయాలి. నాకీ పని నేర్పింది మా అత్త. ఆవిడ చెప్పిన మొదటి పాఠం, తల్లి తెలియని గుడ్డుని తట్టేముందు గోరంత మేర బురద గీకమని. గోరంతయితే ఏ జాతి పిల్లకీ ఏమీ కాదు. నేను గీకలేదు. మడ అడవిలో దొరికింది, ఉప్పురెక్క కాక ఇంకేముంటుందిలే అనుకున్నాను. ఉప్పురెక్క గుడ్డుకి బురద ముట్టుకోకూడదని, ముట్టుకోలేదు. తేల్చాల్సిన సంగతిని ముందే తేల్చేసుకుని, ఆ తర్వాత పరీక్ష చేశాను. మూడు వందల పదకొండు సరిగ్గా చెప్పినదాన్ని కదా, పొగరెక్కింది.

ఉప్పురెక్కలు పిల్లని చీకట్లో పుట్టగానే నాచులో చుట్టేస్తారు, నీళ్లలో పడేదాకా తల్లయినా చూడకూడదు. మూడో రోజున దీపస్తంభం మీంచి సముద్రంలోకి వదులుతారు. అది మునిగి, తేలి, ఈదుకుంటూ తల్లి దగ్గరికి వస్తుంది. ఆ నీటి పండగ కోసం సముద్రపువాళ్లంతా వస్తారు. నిప్పుసంచిలోకి నీళ్లు పోతే బొగ్గుమెడ పిల్ల క్షణం బతకదు.

83వ రోజు

నిన్నంతా నన్నొక ఆలోచన వెంటాడింది. అది రాయకపోతే ఈ పుస్తకమెందుకు. నీటి పండగలో ఏడాదికి ఒకరిద్దరు పిల్లలు పోతూనే ఉంటారు. బలహీనం అంటారు, కాసేపు ఏడుస్తారు. ఎవరూ ఏమీ అడగరు. ఊడిన పెళ్లని తడిమట్టితో అతికించి నోరు మూసుకుంటే, నా లెక్క మూడు వందల పన్నెండు అవుతుంది.

ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మట్టి కలపలేదు. ముందుగా సూరన్న దగ్గరికెళ్లి, "నువ్వన్నదే నిజం, నేను వినలేదు," అన్నాను. అతను గెడ్డం గోక్కుని, "ఇప్పుడేటి సేద్దారక్కా?" అన్నాడు. అంతే, ఇంకో మాట దెప్పలేదు.

తర్వాత గవ్వలమ్మ. బిందె పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"పెద్దమ్మా, నేను తప్పు సెప్పాను. ఇది బొగ్గుమెడ."

ఆవిడ కళ్లు తెరవలేదు. "తెలుసే."

"ఎప్పట్నించి?"

"అరవై ఆరో రోజు కాణ్ణించి. పొట్ట కాలతంటే తెలవదేటి?"

"మరి సెప్పలేదేం?"

"సెప్తే అట్టుకుపోతారు కదే. ఆ కొండల్లోకి నేనెలా ఎల్తాను? ఉప్పునీళ్లు లేకపోతే నాలుగు రోజులు బతకను." గుడ్డుని రెక్కతో దగ్గరికి లాక్కుని అంది, "నీటి పండగనాడు దీన్ని నోట కరుచుకుని పారిపోదావనుకున్నాను. ఎక్కడికో తెలీదు. ఎనకాల మావాళ్లంతా తరువుకొత్తారు. నా ముసలి రెక్కలు ఎంత దూరం మోత్తాయే?"

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని చెప్పాను, "నేను నలుగుర్లో సెప్పేత్తాను పెద్దమ్మా. తప్పు నాది. బిడ్డ మాత్రం మీదే అనిపిత్తాను."

"ఎలాగ?"

ఎలాగో నాకప్పటికి తెలియదు. కానీ తెలుసన్నట్టే లేచి నిలబడ్డాను. ఆ కళ నాకు బాగానే వచ్చు.

86వ రోజు

సభ రేవు మెట్ల దగ్గర జరిగింది. నీళ్లలో ఉప్పురెక్కలు నలభై మంది దాకా, గోదాముల కప్పుల మీద బొగ్గుమెడలు పన్నెండుమంది, మధ్యలో నేను. పైరుకాపులు పిలవకుండానే వచ్చాయి.

చుట్టుతిప్పుళ్లు లేకుండా చెప్పాను. బురద గీకలేదు, తప్పు చెప్పాను, గుడ్డు కొండజాతిది. ఆ చెప్పడం ఎంత కష్టమో అనుకున్నాను గానీ నోరు తెరిచాక తేలికగానే వచ్చింది. నీళ్లలో గుసగుసలు మొదలయ్యాయి.

మసిదొర గొంతు సవరించుకుంటే గోదాము పెంకులు కదిలాయి. "తప్పు చెప్పిన పుల్ల విరిగిపోవాలి ధనకొండా. ఆచారం నీకు తెలుసు."

"తెలుసు దొరా. విరగ్గొట్టే వచ్చానని అనుకోండి."

"పిల్ల మాతో కొండకి రావాలి. అదీ ఆచారమే."

"అది కాదు. అడుగుతాను, సెప్పండి. ప్రకటన రోజున మీరు తల వంచి ఈవిడికి గుడ్డిచ్చారా లేదా?"

"నువ్వు ఉప్పురెక్క అంటే ఇచ్చాం."

"జాతి నేను సెప్పాను, అది తప్పయింది. తల్లిని మీరిచ్చారు. అది తప్పో ఒప్పో మీరే సూసి సెప్పండి." నేను గవ్వలమ్మ వైపు తిరిగాను. "పెద్దమ్మా, నా మాటినండి. ఒక్కసారి పొట్ట సూపించండి."

పైరుకాపులు కూడా నోళ్లు మూశాయి. నేను అడిగింది ఎంత మాటో నాకు తెలుసు. గవ్వలమ్మ నావైపు చూసింది, తన వాళ్లవైపు చూసింది. తర్వాత మెల్లగా, కీళ్లన్నీ కిర్రుమంటుంటే, మెట్ల మీద వెల్లకిలా తిరిగింది.

మెడ కింద నుంచి తోక మొదలు దాకా పొట్టంతా బొబ్బలు. కొన్ని పాతవి నల్లగా మాడాయి, కొన్ని నిన్నటివి. పక్క మార్చిన ప్రతిచోటా గుడ్డు గుండ్రం అచ్చు పడినట్టుంది. అంత కాలుతున్నా ఇరవై రోజులు ఆవిడ దాన్ని వదిలి పక్కకి జరగలేదు.

మసిదొర కప్పు మీంచి దిగాడు. దగ్గరికొచ్చి చాలాసేపు చూశాడు.

"మా ఆడవాళ్ల పొట్ట మీద పొలుసుంటుంది. గుడ్డు వేడి తగలదు," అన్నాడు చివరికి. "ఈమెకి పొలుసు లేదు." మెడ కిందికి దించి అన్నాడు, "లేవమ్మా. ఇక చాలు, లే."

ఆయన గవ్వలమ్మ వీపు కిందికి తన మెడ పోనిచ్చి ఆవిడని బోర్లా తిప్పాడు. బొగ్గుమెడ ఒకాయన ఉప్పురెక్కని ముట్టుకోవడం నా ఇరవై ఆరేళ్లలో చూడలేదు.

తీర్పు ఇది. బిడ్డ గవ్వలమ్మది. నిప్పు విద్య కొండవాళ్లు నేర్పాలి. దానికి మసిదొర మేనకోడలు నివురు రోజూ పాయ అవతలి ఇసుకదిబ్బ మీద ఉంటుంది. పొద్దున పిల్లని అక్కడికి చేర్చాలి, పొద్దు వాలాక తెచ్చుకోవాలి. పిల్ల ఒంటికి నీటిచుక్క తగలకూడదు.

"పాయ దాటించేది ఎవరు?" అని అడిగాడు మసిదొర.

"వాళ్లమ్మ," అంది గవ్వలమ్మ.

ఆ తర్వాత నా పుల్ల. మోకాలికేసి కొట్టాను, విరగలేదు. చింతచేవ మరి. రెండోసారి మోకాలు వాచింది. ఆఖరికి రాతిమెట్టు అంచున పెట్టి కాలితో తొక్కితే విరిగింది. మా అత్త చేతి పుల్ల. బాధగానే ఉంది.

సావిడికొచ్చి జాతుల పుస్తకం తీశాను. అందులో మొదట్నించీ ఒకటే గడి, 'జాతి'. నేను స్కేలు పెట్టి పక్కన ఇంకో గీత గీశాను. మొదటి గడిలో 'ఉప్పురెక్క' కొట్టేసి 'బొగ్గుమెడ' అని రాశాను. రెండో గడి పైన 'తల్లి' అని రాసి, కింద 'గవ్వలమ్మ' అని రాశాను. అనుమతి లేకుండా గీత ఎందుకు గీశావని కచేరీ వారు రాస్తారు. రాయనీ, జవాబు నా దగ్గరుంది.

91వ రోజు

పుట్టింది. ఆడపిల్ల. నల్లటి మెడ, ఎర్రటి కళ్లు, మేకపిల్లంత ఉంది. పుడుతూనే తుమ్మింది, సూరన్న గెడ్డం అంచు కాలింది. అతను ఆ గెడ్డాన్ని అందరికీ చూపించుకుంటూ తిరుగుతున్నాడు. పైరుకాపులు దానికి 'వెచ్చ' అని పేరు పెట్టేశాయి. పెద్దలు ఇంకో పేరు ఆలోచించేలోపే అందరికీ అలవాటైపోయింది.

ఇకముందు గుడ్లు చూసేది సూరన్న. నాకు పుల్ల లేదు గానీ నోరుంది, నేర్పుతాను. మొదటి పాఠం చెప్పాను, గోరంత గీకమని. రెండోది నేనే కొత్తగా కలిపాను, పొయ్యి దగ్గరున్నవాడి మాట వినమని. "పొయ్యి దగ్గరుండీది నేనే కదక్కా," అన్నాడు. ఇంకొకణ్ణి పెట్టుకుని వాడి మాట వినమన్నాను.

పుట్టిన మూడో రోజు

ఈరోజు నీటి పండగ ఉండాల్సిన రోజు. పండగ లేదని తెలిసినా ఉప్పురెక్కలంతా వచ్చి పాయకి రెండు పక్కలా బారులు తీరారు.

గవ్వలమ్మ మెట్ల దగ్గర ఆగింది. పొట్ట పుళ్లతో ఎగరలేదు, ఈదాల్సిందే. ఆవిడ రెక్కల మధ్య పొడిగుడ్డ పరిచి వెచ్చని కూర్చోబెట్టాం. ఉప్పురెక్కలు నీళ్ల కిందే ఈదుతారు, ఊపిరికి తప్ప పైకి రారు. అలాంటిది గవ్వలమ్మ వీపు మొత్తం నీటి పైనే పెట్టి, మెడ నిటారుగా ఎత్తి, పడవలాగా కదిలింది. అల రేగుతుందని తోక కూడా ఆడించలేదు. పక్కనున్నవాళ్లు తమ ఒళ్లు అడ్డం పెట్టి అలల్ని ఆపారు. అర మైలు దూరానికి గంట పట్టింది. దిబ్బ మీద నివురు అందుకునేసరికి పిల్ల కాళ్లు కూడా తడవలేదు.

నేను ఇవతలి గట్టు మీంచి కేకేశాను. "పెద్దమ్మా, పిల్ల దిగిపోయింది కదా! వీపు ఎండిపోతంది, ఓసారి మునిగి రండి!"

ఆవిడ తల తిప్పకుండానే అంది. చినిగిన గొంతయినా పాయ మీద స్పష్టంగా వినపడింది.

"మునిగితే అది నాకు కనపడదు కదే."

పొద్దు వాలేదాకా అలాగే తేలుతూ, వెచ్చ నిప్పు ఊదడం చూస్తూ ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి వీపంతా బీటలు వారింది. పిల్ల ఆవిడ మెడ మీద నిద్రపోయింది. సూరన్న కొబ్బరినూనె రాస్తుంటే ఆవిడ ఒక్క మూలుగు మూలగలేదు, పిల్ల లేస్తుందని.

రేపు పొద్దున నేను కూడా పడవ మీద వెళ్తున్నాను. పిల్ల దిగిన దగ్గర్నుంచి మళ్లీ ఎక్కేదాకా పక్కన కూర్చుని ఆవిడ వీపు మీద నీళ్లు పోస్తాను. రెండు బిందెలు, ఒక చెంబు పడవలో పెట్టించాను.